ఫర్ కోట్ల ఆంటీ

ఈ చలిదేశంలో మా వీధి చివర, జంతువుల బొచ్చుతోలుతో కుట్టిన పాత ఫర్ కోట్లు బాగుచేసి అమ్మే తెలుగు ఆంటీ కోడిగుడ్డు కూడా ముట్టదు. "ఇదేం వ్యాపారం ఆంటీ?" అని అడిగితే, ఒక కోటు తీసి మన భుజాల మీద కప్పి, "ముందు వేసుకోరా, తర్వాత మాట్లాడు" అనేది. వేసుకున్నాక ఆ వెచ్చదనంలో అడిగిందే మర్చిపోయేవాళ్లం.

సిటీలో ఫర్ అమ్మకాలు బ్యాన్ చేస్తారని తెలిసి, వద్దని చెప్పడానికి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లింది. నేనే డ్రైవ్ చేశాను. "ఐ యామ్ ప్యూర్ వెజిటేరియన్" అని ఆవిడ మొదలుపెట్టగానే జంతుప్రేమికులంతా చప్పట్లు కొట్టారు.

"అందుకే ఈ బ్యాన్ వద్దంటున్నా. మీ అమ్మమ్మల కోట్లు చెత్తలో పారేస్తే, పాపం ఆ జంతువు ఉత్తినే చచ్చినట్టు కదా!" అని ఇంగ్లీషులోనే అనేసరికి చప్పట్లు ఆగిపోయాయి.

బ్యాన్ పాసైంది, పాత కోట్లకు మాత్రం మినహాయింపు దొరికింది. కొన్నాళ్లకు, బ్యాన్ ప్రతిపాదించిన కౌన్సిల్ మెంబరే ఒక కోటు చంకలో పెట్టుకుని షాపు వెనక తలుపు తట్టింది. ఆంటీ ఆవిడను లోపలికి పిలిచింది. కోటు తిరగేసి చూసి, పక్కనే ఉన్న నాతో తెలుగులో అంది: "పాపం రా, లోపలంతా చిరుగులే. పైకే దర్జా."