మబ్బు రోజు మేత

మొన్న ఇబ్రహీంపట్నం రింగు దగ్గర మా బస్సు ముందు ఒక లారీ ఆగింది. టార్పాలిన్ కింద నూనె తీసిన తవుడు బస్తాలు. కొంచెం పుల్లగా, కొంచెం వేయించిన పిండిలా ఉండే ఆ వాసన కిటికీలోంచి తగలగానే, పోయిన మా బాబాయి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నట్టయింది. దయ్యాలు లేవని వేదికలెక్కి పోట్లాడినవాణ్ణి. అయినా కాస్త పక్కకి జరిగి కూర్చున్నాను.

బాబాయికి చల్లపల్లి అవతల చేపల చెరువుండేది. మిల్లు వదిలేసిన తవుడూ, నూనె ఆడగా మిగిలిన వేరుశెనగ చెక్కా కలిపి, చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు కట్టించేవాడు. శీలావతి, బొచ్చె చేపలు ఆ చిల్లులకు మూతులు ఆనించి లాక్కు తినేవి. మనిషి వద్దని పారేసింది చేపగా మారి తిరిగి మనిషి కంచంలోకే వస్తుందని నేనొక వ్యాసం కూడా రాశాను. బాబాయి దాన్ని పిన్ని చేత చదివించుకుని, తవుడు మీద ఇంత రాయొచ్చా అని నవ్వాడట.

ఆయనకో పట్టింపు ఉండేది. పొద్దున్నే గట్టు మీద నిలబడి సూర్యుడికి దణ్ణం పెట్టాకే మేత. మబ్బు పట్టిన రోజున సంచులు కట్టనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే, కట్టకూడదంతే అనేవాడు.

పన్నెండేళ్ల కిందట శ్రావణంలో నాలుగు రోజులు మబ్బు వీడలేదు. నేను వెళ్లేసరికి గట్టు మీద నలుగురు రైతులు టీ తాగుతున్నారు. నాకు సభ దొరికింది.

"చేపల చేత కూడా ఏకాదశి ఉపవాసాలు చేయిస్తున్నావా బాబాయ్?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వు చాలు నాకు, దణ్ణమూ మబ్బు పట్టింపూ ఒకే మూఢత్వమని పావుగంట వాదించాను. పిన్ని మాత్రం, "వాదన ఊళ్లో గెలుచుకోరా, చెరువు మీదెందుకు?" అంది. బాబాయి తల వంచుకుని వెళ్లి సంచులన్నీ కట్టించాడు.

మర్నాడు తెల్లవారేసరికి చెరువంతా మూతులే. గాలి కోసం నోళ్లు తెరిచి మూస్తున్న చేపల చప్పుడు, దూరాన వాన పడుతున్నట్టు. ఇంజన్లు పెట్టి నీళ్లు చిమ్మించారు. మధ్యాహ్నానికి గట్టు పొడుగునా తెల్లటి పొట్టలు తేలాయి. ఎండ లేని రోజు నీటిలో పాచి ప్రాణవాయువు సరిగా చెయ్యదనీ, మేత తిన్న చేపకు అదే ఎక్కువ కావాలనీ, మిగిలిన తవుడు కుళ్లి ఉన్నదాన్ని కూడా లాగేస్తుందనీ తర్వాత పుస్తకాల్లో చదివాను. ఆయన అదంతా కళ్లతో చూసి నేర్చుకున్నాడు, కారణమే చెప్పలేకపోయాడు. నాకు తెలిసిందల్లా కారణం అనే మాట ఒక్కటే.

చచ్చిన చేపల గంప ఎత్తుతూ బాబాయి అన్నాడు: "మంచి ప్రశ్నే అడిగావురా. జవాబు చెప్పటం నాకు రాలేదు."

ఆ మరుసటి ఏడు చెరువు కౌలుకిచ్చేశాడు. పోయేదాకా పొద్దున్నే దణ్ణం పెడుతూనే ఉన్నాడు. నేను కనబడితే మాత్రం చేతులు దించేసేవాడు.

మూఢనమ్మకాల మీద ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను, ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ ఆ రోజు నవ్వించే ముందు, 'నువ్వేం చూశావు బాబాయ్' అని అడగటానికి పట్టేది ఒక్క నిమిషం. పన్నెండేళ్లు ఇట్టే గడిచాయి, ఆ నిమిషమే ఇంకా గడవటం లేదు.