ఏటవాలు పెరటికి గడ్డి మిషన్

మేము అనకాపల్లిలో కాపురం పెట్టేనాటికే మా అత్తగారికి రెండు కళ్ళూ పోయాయి. అయినా ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. తెల్లారగానే వెనక వరండా మెట్లు దిగి, పెరడంతా దాటి, నూతి దగ్గరికి తనంతట తనే వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేది. చెప్పులు తొడుక్కునేది కాదు. తొడుక్కుంటే కాలికి నేల తెలియదనేది.

మాకు చిక్కంతా ఆ పెరటితోనే వచ్చింది. వరండా దగ్గర ఎత్తుగా మొదలై నూతి వైపు ఏటవాలుగా దిగేది. ఎర్రమట్టి నేల. నూతి అవతల ముళ్ళకంచె, కంచె అవతల ఎవరిదో చెరకుతోట. మొదటి ఏడాది గడ్డి మొత్తం పారతో చెక్కించేశాం. వానలు పడేసరికి మట్టి బురదై జారింది, దానితోపాటు మా అత్తగారూ జారింది. మణికట్టు విరిగి రెండు నెలలు కట్టుతో కూర్చుంది. రెండో ఏడాది గడ్డి జోలికి పోలేదు. అది మోకాలెత్తు పెరిగింది. ఒకరోజు పొద్దున్న చూస్తే మా పెయ్యదూడ నూతి పక్కన చచ్చిపడి ఉంది. ముక్కుల్లోంచి రక్తం కారి ఎండిపోయింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళు రక్తపింజరి కరిచిందన్నారు. ఆ తరవాత ఆవును కూడా ఎస్. రాయవరం దగ్గర మా అత్తగారి పుట్టింటికి తోలించేశాం. ఉన్నన్నాళ్ళూ అది మాత్రం గడ్డిని సరిగ్గా మేసిందా? కట్టిన పలుపు ఆవిడ కాళ్ళకు అడ్డం పడేది, అంతే.

అంటే ఆ పెరట్లో గడ్డి ఉండాలి. లేకపోతే ఆవిడ జారుతుంది. కాని పెరగకూడదు. పెరిగితే అందులో ఏముందో మాకే కనిపించదు, ఇక ఆవిడ సంగతి చెప్పేదేముంది? కొడవలితో కోయిద్దామంటే, వానలు పడే రోజుల్లోనే ఊడుపులు. కూలికి పిలిస్తే పలికే మనిషి ఉండేవాడు కాదు.

మా వారిది చెరకుతోటలు తనిఖీ చేసే ప్రభుత్వోద్యోగం. నెలలో సగం రోజులు క్యాంపుల్లోనే ఉండేవారు. చదువుకునే రోజుల్లో వాల్తేరులో ఒక దొర బంగళా ముందు గడ్డి మిషన్ చూశారట. దాని మాట అప్పుడప్పుడూ చెప్పేవారు. యుద్ధం అయిపోయాక విశాఖపట్నంలో మిలటరీ సామాన్లు వేలం వేస్తుంటే, మా ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు ఉన్న సాయిబు గారు వెళ్ళి బండ్ల కొద్దీ కొనుక్కొచ్చారు. మంచాలు, బాల్చీలు, డేరా గుడ్డలతోపాటు గడ్డి కోసే మిషన్లు రెండు వచ్చాయని మా వారికి తెలిసింది. నన్ను కూడా వెంటపెట్టుకుని వెళ్ళారు.

ఒకటి పెద్దది. వెనక బరువైన రోలరు, మధ్యలో మెలితిప్పిన కత్తుల చట్రం, ముందు గడ్డి పడే రేకుపెట్టె, లాగడానికి మోకు. ఒకరు తోస్తుంటే ఇంకొకరు ముందు నుంచి లాగాలి. రెండోది చిన్నది. రెండు పక్కలా రెండు చక్రాలు, మధ్యలో కత్తులు, పొడుగాటి కొయ్య పిడి, అంతే. మా వారు చిన్నదాని వైపు చూడనైనా లేదు. పెద్దదాని చుట్టూ తిరిగారు, రోలరు మీద చెయ్యి వేసి నిమిరారు.

"ఇది దొరలు వాడిన సరుకు బాబుగారూ. పెరడు తివాచీ లాగుంటాది" అన్నారు సాయిబు గారు.

నేను దాని పిడి పట్టుకుని తోసి చూశాను. చదునైన గచ్చు మీదే అంగుళం కదల్లేదు.

"ఇద్దరం తోద్దాంలే" అన్నారు మా వారు.

"మీరు క్యాంపులో ఉన్నప్పుడో?"

ఆయన కొట్టు దిగిపోయారు. పరాయి మనిషి ముందు అడిగానని కోపం. ఇల్లు చేరేదాకా నాకంటే పది అడుగులు ముందే నడిచారు. మర్నాడు కాఫీ తాగుతూ, పెద్దమిషన్ ఒకసారి పెరట్లో నడిపి చూపించమని సాయిబు గారికి కబురు చేశానని గోడకు చెప్పినట్టు చెప్పారు.

ఆ రోజు వాన తెరిపిచ్చింది. బండి మీద మిషన్ వేయించుకుని సాయిబు గారే వచ్చారు. బండివాడూ ఆయనా కలిసి దాన్ని వరండా పక్కన దింపాక, బండివాడు ఎడ్లను తోలుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. మా అత్తగారు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. సాయిబు గారు ముందు నుంచి మోకు లాగుతుంటే మా వారు వెనక నుంచి తోశారు. వరండా దగ్గర మేము తిరిగే చోట గడ్డి పొట్టిదే. అక్కడ మిషన్ గరగరమంటూ బాగానే కోసింది. వెనక చాపంత వెడల్పున నున్నటి దారి పడింది. మా వారు నా వైపు ఒకసారి చూశారు. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండింది.

నూతి వైపు దిగేకొద్దీ గడ్డి ఎత్తయింది. మిషన్ దాన్ని కొయ్యడం మానేసి వంచడం మొదలుపెట్టింది. కాసేపటికి కత్తుల్లో తడిగడ్డి చుట్టుకుపోయి, టక్కున ఆగిపోయింది. వాలు మీద ఆగింది. మిషన్ ముందుకు పోకుండా నన్ను వెనక పిడి పట్టుకోమని, మా వారు ముందుకు వెళ్ళి గొంతుక్కూర్చున్నారు.

"చెయ్యి పెట్టకండి బాబుగారూ, పుల్ల తెత్తాను" అని సాయిబు గారు మోకు కింద పడేసి కంచె వైపు వెళ్ళారు.

మా వారికి ఆ పాటి ఓపిక లేదు. ఆయన కత్తుల మధ్యకు చెయ్యి పోనిచ్చి గడ్డి పీకడం మొదలుపెట్టారు. మిషన్ బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. కాలి మడమలు మట్టిలోకి దిగబడేలా నిలబడి వెనక్కు లాగి పట్టుకున్నాను. అది కాస్త ముందుకు దొర్లినా కత్తులు తిరుగుతాయి. తిరిగితే ఆయన వేళ్ళు ఉండవు.

అప్పుడు వినిపించింది, కొలిమి తిత్తి నొక్కి పట్టినట్టు ఒక పొడుగాటి బుస. మొదట అది రోలరులోంచి వస్తోందనుకున్నాను. తల వంచి చూస్తే ఆయన ఎడమ మోకాలి పక్కన, వంగిన గడ్డి కింద చుట్ట చుట్టుకుని ఉంది. లావుపాటి ఒళ్ళు, ఒంటి మీద గొలుసులాగా మచ్చలు. తల వెనక్కి లాక్కుని ఉంది.

"కదలకండి. మీ ఎడమ మోకాలి పక్కన" అన్నాను.

ఆయన చూడలేదు. మొహంలో రంగు పోయింది. "ఎంత దూరం?"

"మూరెడు."

"పిడి వదలకు. వేళ్ళు లోపలున్నాయి."

"వదల్ను."

చెయ్యి బయటికి లాక్కోవాలంటే భుజం కదలాలి. భుజం కదిలితే అది కాటేస్తుంది. నేను అరిస్తే ఆయన అదిరిపడతారు. నా మడమలు అప్పటికే తడిమట్టిలో జారడం మొదలుపెట్టాయి. మిషన్ ఒక వెంట్రుకవాసి జరిగిందేమో, లోపల ఇనుము కిర్రుమంది. ఆయన కళ్ళు మూసుకున్నారు.

వరండాలోంచి మా అత్తగారు అడిగింది: "మిషన్ ఆగిపోనాదేటి? ఆ బుస్సుమంటన్నదేటి?"

"ఏం లేదత్తయ్యా. గడ్డి అడ్డం పడింది. మీరక్కడే కూర్చోండి."

"అబ్బాయి మాటాడ్డేటి?"

"పని చేసుకుంటున్నారండి. మీరు రాకండి."

రావద్దంటే ఆగే మనిషి కాదు. స్తంభం పట్టుకుని లేచింది. "నానొచ్చి ఓ సెయ్యేత్తాను. ఒక్కదానివీ ఎంతసేపు పట్టుకుంటావు?" అంటూ మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. అరికాలితో నేల తడుముకుని, కోసిన గడ్డి మెత్తగా తగలగానే ధైర్యంగా అడుగు వేసింది. మిషన్ వేసిన ఆ దారి తిన్నగా మా దగ్గరికే వస్తుంది. వెనక్కి తిరిగి ఆవిడను చూస్తే పాము నా కళ్ళ నుంచి తప్పిపోతుంది. తిరక్కుండా, అడుగుల చప్పుడు వింటూ నిలబడ్డాను.

"అత్తయ్యా, ఆగండి" అన్నాను. అడుగు పడింది.

"ఆగండీ." ఇంకో అడుగు.

"ఆగు."

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిణ్ణి నేను ఏకవచనంలో పిలిచింది లేదు. ఆ మాట కూడా గట్టిగా అనలేదు. అడుగుల చప్పుడు ఆగిపోయింది. నా వెనక ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

ఈలోగా సాయిబు గారు పుల్ల విరుచుకుని తిరిగి వచ్చారు. మమ్మల్ని చూసి ఉన్నచోటే ఆగిపోయారు. నా చూపు ఎటుందో అటు చూశారు. చేతిలో పుల్లను వంగి మెల్లగా కింద పెట్టారు.

"అమ్మా, నేను దూరంగా తిరిగి మీ ఎనక్కొత్తన్నాను. పిడి పట్టుకుంటాను. నేను పట్టుకున్నాక కూడా మీరు వదలొద్దు" అన్నారు, నిద్రపోయే పసిపిల్ల దగ్గర మాట్లాడినట్టు.

చాలా దూరంగా చుట్టి వచ్చి, నా పక్కన నిలబడి రెండు చేతులతో పిడి పట్టుకున్నారు. బరువు సగం తగ్గింది. ఆయన భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. పరాయి మగవాడు అంత దగ్గరగా నిలబడ్డాడన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ ఆ రోజూ రాలేదు, తరవాతా రాలేదు.

ఎంతసేపు అలా ఉన్నామో నేను చెప్పలేను. మా వారి మెడ మీద ఒక చీమ పాకుతుంటే చూస్తూ ఉన్నాను. బుస తగ్గింది. పాము చుట్ట వదులు చేసింది. తల దించి, ఆయన మడమ పక్క నుంచి మెల్లగా, ఏ తొందరా లేనట్టు గడ్డిలోకి దూరింది. ఆ తరవాత కదిలే గడ్డి కొసలే కనిపించాయి. అవి వరండా వైపు కదులుతున్నాయి.

"అత్తయ్యా, పాము. మీ వైపు వస్తోంది. బొమ్మలా నిలబడండి" అన్నాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని నిలబడిపోయింది.

కోసిన దారి దగ్గరికి వచ్చేసరికి దానికి దాగడానికి చోటు లేకపోయింది. తల బయటపెట్టింది. అప్పుడు దాని పొడవంతా మొదటిసారి చూశాం. ఆవిడ పాదాలకు రెండు బారల దూరంలో దారికి అడ్డంగా ఆగింది. మా వారి నోట్లోంచి "అమ్మా" అని వచ్చింది, పిలుపులా కాదు, మూలుగులా. అది కాసేపు అలాగే ఉండి, పక్కకు తిరిగి, గడ్డిలోంచి నూతి వైపు దిగి, కంచె కిందనుంచి చెరకుతోటలోకి పోయింది. ఎవరూ కర్ర పట్టుకుని వెంటపడలేదు.

మా వారు చెయ్యి బయటికి తీశారు. మధ్యవేలి మీద తోలు లేచి కొంచెం రక్తం వచ్చింది. నా వేళ్ళు పిడి మీద బిగుసుకుపోయి తెరుచుకోలేదు. ఆయనే ఒక్కో వేలూ విడదీశారు. తరవాత తల్లిని చెయ్యి పట్టుకుని వరండా ఎక్కించారు. ఆవిడ పట్టుకోనిచ్చింది.

సాయిబు గారు రేకుపెట్టె విప్పుతూ అన్నారు: "ఇది ఈ వాలుకీ, ఈ గడ్డికీ పనికొచ్చీది కాదు బాబుగారూ. తీసికెళ్ళిపోతాను."

మా వారు తల ఊపారు. సాయంత్రం నాతో, "చిన్నది నువ్వే వెళ్ళి చూసుకుని తీసుకో" అన్నారు. అందులో కోపం లేదు, ఓడిపోయిన మనిషి విసుగూ లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే మా అత్తగారు పిలిచింది. ఇంతవరకు దాచుకున్న మాట ఇప్పుడు అడుగుతుందని తెలిసే వెళ్ళాను.

"ఇందాక నన్నేటన్నావు?"

"ఆగు అన్నానత్తయ్యా."

ఆవిడ తన మణికట్టు తడుముకుంది. "ఆగండి అంటే ఆగుండీదాన్ని కాదు. రోజూ అంటావు కదా" అంది. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

కొట్టుకు వెళ్ళినప్పుడు నేను తొందరపడలేదు. చిన్న మిషన్‌ను గచ్చు మీద ముందుకూ వెనక్కీ తోశాను. కత్తులు నేలకు ఎంత ఎత్తులో ఉంటాయో, ఆ ఎత్తు మార్చవచ్చో లేదో అడిగాను. సాయిబు గారిచేత ఒక చెక్క వాలుగా పెట్టించి, దాని మీద మిషన్ వదిలి చూశాను. బరువు లేకపోయినా దొర్లింది. చక్రం కింద దూర్చడానికి ఒక కొయ్యముక్కను తాడుతో పిడికి కట్టించాను. ఇరుక్కున్న గడ్డి తీసే ముందు అది దూర్చాలి, కత్తుల్లోకి పుల్ల తప్ప వేలు వెళ్ళకూడదు, వాలులో పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా తొయ్యాలి. ఈ మూడూ మా వారిచేత ఒప్పించుకున్నాకే మిషన్ ఇంటికి వచ్చింది.

వచ్చినా వెంటనే పనికి రాలేదు. పొడుగు గడ్డిని ఏ మిషనూ కొయ్యదని మాకు తెలిసిపోయింది కదా. ఊడుపులు అయ్యాక కొండకర్ల నుంచి ఇద్దరు మనుషులు వచ్చి, ముందు కర్రలతో గడ్డిని బాదుకుంటూ, కొడవళ్ళతో పెరడంతా కోశారు. వాళ్ళు వచ్చేదాకా మా అత్తగారిని మెట్లు దిగనివ్వలేదు. ఆ రోజులు ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. నీళ్ళు నేను తెచ్చి ఇస్తే ఆవిడ మొహం పక్కకు తిప్పుకుని కడుక్కునేది.

తరవాత వారానికోసారి నేను మిషన్ తోసేదాన్ని. నేను తోస్తుంటే ఆవిడ నా వెనకే నడిచేది, పాదాలతో కోసిన చోటు చూసుకుంటూ. ఒకసారి నా చేతుల మీద చేతులు వేసి, "ఇలా తే" అంది. నేను ఇవ్వనన్నాను. ఆవిడ వదల్లేదు. చివరికి పిడి ఆవిడ చేతికిచ్చి, కంచె పక్కన ఒక తాడు కట్టాను, తాడు తగిలితే వెనక్కి తిరగాలని. గడ్డి కోసుకుపోతున్న చప్పుడికీ, కోసేసిన చోట ఒట్టి చక్రం చప్పుడికీ తేడా ఆవిడకు నాలుగు వారాల్లో తెలిసిపోయింది. ఎక్కడైనా ఒక చార వదిలేస్తే తనే వెనక్కి వెళ్ళి కోసేది.

మా వారు క్యాంపు నుంచి వచ్చి ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆపడానికి ఒక అడుగు వేసి, వెనక్కి తగ్గారు.

నాకు మాత్రం అలవాటు కాలేదు. మొదట్లో ఆవిడ తోసినంతసేపూ మెట్టు మీద నిలబడి నేల వెతుకుతూ ఉండేదాన్ని. తరవాత వంటింట్లోకి వెళ్ళడం నేర్చుకున్నాను, చెవి మాత్రం పెరటి వైపే ఉంచి. గరగర వినిపించినంతసేపూ పని సాగేది. అది ఆగిందంటే చేతిలో గరిటె ఆగిపోయేది. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగిందో, చెమట తుడుచుకోవడానికి ఆగిందో. మళ్ళీ మొదలయ్యేదాకా నేను పొయ్యి ముందు అలాగే నిలబడి ఉండేదాన్ని.