జానకు ఒక వేలు ఎక్కువ

విడవలూరులో మాకొక చిన్న షాపు ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చర్చిలో బాప్తిస్మాలు వీడియో తీసి మిక్సింగ్ చేసి ఇస్తాను. ఫొటోలు ప్రింటు తీసేది నా భార్య. మా కంప్యూటర్ కొని పన్నెండేళ్లు దాటింది. ఒక పెళ్లి ఫైలు బయటికి రావాలంటే రెండు రోజులు గింజుకుంటుంది. అంతసేపు ఆగే ఓపిక ఇప్పుడెవరికుంది? పోయిన ముహూర్తాల్లో మూడు పెళ్లిళ్లు నెల్లూరు స్టూడియోలకు తరలిపోయాయి. ఈసారి కూడా అదే జరిగితే షాపుకు తాళం వేసి, మా మేనమామ రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోవాలి.

కొత్త కంప్యూటర్ మాట ఎత్తే స్థితిలో లేము. పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేస్తే పని ఒక్క పూటలో తేలిపోతుందని బిట్రగుంటలో నాలాగే మిక్సింగ్ చేసే ఒకాయన చెప్పాడు. ఆయన పెద్దది కొనుక్కుని, వాడుతున్నది అమ్మేస్తున్నాడు. వారం రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. సముద్రపు గాలికి మా వైపు ఇనుమూ ఆగదు, రాగీ ఆగదు. ఎవరో వాడేసిన సామానును నమ్మేదెట్లా?

నా భార్య విసిగిపోయింది. "చూసొస్తే పోయేదేముంది? చూడకుండానే ఇంట్లో కూర్చోని భయపడతా ఉంటావా?" అంది. మరుసటి రోజు ఉదయమే బయలుదేరాను.

బిట్రగుంట ఆయన రైల్వే కాలనీ పక్కన ఒక గదిలో పని చేసుకుంటున్నాడు. కార్డును తన కంప్యూటర్‌లో బిగించి, నా ఎదుటే ఒక పెళ్లి వీడియో నడిపి చూపించాడు. తీసి చేతికిచ్చాక కిటికీ వెలుగులో దాని రాగి అంచును పరీక్షగా చూశాను. ఎక్కడా చిలుం లేదు. ఫ్యాన్లు వేలితో తోస్తే మెత్తగా తిరిగాయి. విడిగా కరెంటు తీగ అక్కర్లేని రకం కాబట్టి మా పాతదానికి భారమూ కాదు. ఇక ఒక్కటే అనుమానం. మా కంప్యూటర్ పెట్టె చిన్నది. ఇది అందులో పడుతుందా?

"ఉండన్నా, టేపు యాడో పెట్టినాను," అని ఆయన సొరుగులు వెతకసాగాడు. ఆగడం నా ఒంట్లో లేదు.

"టేపెందుకులే అన్నా, జాన వేసి చూస్తే తెలిసిపోతుంది," అని షాపులో ఉన్న నా భార్యకు ఫోన్ చేశాను. మా ఇంట్లో పూల దండ దగ్గర్నుంచి కిటికీ తెర దాకా అన్నీ జానలూ మూరలే. "పక్క మూత తీసి, వెనక రేకు కాడ్నించి హార్డ్‌డిస్కు గూడు దాకా ఎంతుండాదో చూడు."

కాసేపటికి, "జాన మీద రెండు వేళ్లు," అంది.

కార్డు మీద చెయ్యి పరిచాను. జానకు ఒక వేలు ఎక్కువ. లోపల పెట్టాక ఇంకో వేలు సందు మిగులుతుంది. టేపు దొరక్కముందే బేరం అయిపోయింది. "తీసుకపోయినాక మళ్లా వెనక్కి తేబాకన్నా," అని ఆయన ముందే చెప్పాడు. నేను తలూపాను.

మధ్యాహ్నం షాపులో పెట్టబోతే కార్డు హార్డ్‌డిస్కు గూటికి కొట్టుకుని ఆగిపోయింది. ఎటు తిప్పినా పట్టలేదు. నా నోరు ఊరుకుంటుందా?

"జాన వెయ్యడం కూడా చేతకాదా నీకు? నన్ను గుంటల పాలు చేసినావు గదా!" అని బజారంతా వినపడేట్టు అరిచాను.

ఆమె కార్డు మీద తన చెయ్యి పరిచింది. జాన అయ్యాక ఇంకా నాలుగు వేళ్ల మేర మిగిలింది. తర్వాత నా చెయ్యి లాక్కుని, తన అరచేతిని దానికి ఆనించింది. ఆమె వేళ్ల కొసలు నా పై కణుపుల దగ్గరే ఆగిపోయాయి.

"నేను కొలిచింది నా చేత్తో," అంది.

మాకు పెళ్లయి పదహారేళ్లు. ఆ చెయ్యి అంత చిన్నదని నాకు తెలియనే తెలియదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆమె అప్పటికే స్క్రూడ్రైవర్ అందుకుంది. "సీడీలు ఇప్పుడెవురడగతా ఉండారు? ఆ సీడీ డ్రైవు పీకేసి, హార్డ్‌డిస్కు ఆడ పెడదాం. ఈ గూడు విప్పేస్తే సరి." గూడు వెనకున్న స్క్రూల దగ్గరికి నా చెయ్యి దూరలేదు. ఆమెది దూరింది. రేకు గీసుకుని మణికట్టు మీద నెత్తురొచ్చినా ఆపలేదు. కార్డు కుదురుగా కూర్చుంది, తెర వెలిగింది. రెండు రోజులు పట్టే పెళ్లి ఫైలు పొద్దు వాలకముందే బయటికొచ్చింది. ఇక గుంటల దగ్గరికి పోనక్కర్లేదని అర్థమయ్యాక నాకు ఊపిరాడింది.

ఆమె మణికట్టుకు మందు రాయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నువ్వు తిట్టింది బజారంతా విన్నారు. తప్పు నీదని కూడా అట్నే చెప్పు," అంది.

షాపు మెట్ల మీద నిలబడి, ఎదురుగా టీ కొట్టు దగ్గరున్న వాళ్లందరూ తలెత్తి చూసేట్టు చెప్పాను.