తువ్వాలు కింద చెయ్యి

తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, గుట్టుగా ధర చెప్పుకుని పత్తి బేరాలు కుదిర్చిన రోజుల్లో, ఆదోనిలో నాగభూషణం శెట్టి చేతికి తీరికే ఉండేది కాదు. ఇప్పుడు ధర కంప్యూటర్లో తేలిపోతుంది. ఖాళీ కొట్లో, భుజాన అదే తువ్వాలుతో, వేళ్లు మడిచి తెరుస్తూ ఫోన్‌లో పాత మూకీ సినిమా చూస్తుంటాడు. అందులోనూ ఒక వ్యాపారి దివాలా తీస్తుంటాడు. ఈరోజు ఆ వ్యాపారి కొనేవాడి వైపు చెయ్యి చాపగానే, శెట్టి తటాలున ఫోన్ మీద తువ్వాలు కప్పి కిందికి వేళ్లు పోనిచ్చాడు. చల్లటి అద్దం తగిలింది.

అన్నం తెచ్చిన భార్య కామాక్షమ్మ నవ్వింది. "బొమ్మతో బేరమేందండీ? ఎంతకడుగుతాండాడు?"

"ధర ఎంతన్నా కానీలే," అన్నాడు శెట్టి, చెయ్యి తీయకుండానే. "చెయ్యి పట్టుకునేటోడు ఒగడుంటే సాలు."