రిబ్కమ్మ బొటనవేలు

చొప్పదండిలో రిబ్కమ్మకు ఎదురుపడ్డవాళ్లు ముందు కాలు అప్పజెప్పాలి, మాట తర్వాత. "బాగున్నవా బిడ్డా" అంటూనే వంగి పిక్క ఒకసారి, తొడ ఒకసారి బొటనవేలితో నొక్కి చూస్తుంది. మిషన్ దవాఖానలో ముప్పై ఏళ్లు పుండ్లు కడిగి కట్లు కట్టిన చెయ్యి, రిటైరైనా ఊరుకుంటుందా? పాస్టరుగారు వందనాలు చెప్పబోతే ఆయన తొడ కూడా నొక్కి "ఆమెన్" అంది. కరెంటు బిల్లు తీసే హరీష్ అయితే మీటరు దాకా పోకముందే ప్యాంటు పైకి మడుస్తాడు.

పరశురాములు మాత్రం ఆమె కనబడితే గల్లీ మార్చేవాడు. అతడు బట్ట నేసే కార్ఖానాలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. తనకు షుగరుందని భార్య అనసూర్యకు తప్ప పిట్టకు కూడా తెలియనివ్వలేదు. తెలిస్తే సేటు పనిలోంచి తీసేస్తాడని భయం.

ఒక వారం కుడి తొడ సలపడం మొదలైంది. పన్నెండు గంటలు నిలబడితే నొయ్యదా అనుకుని ఉప్పు కాపడం పెట్టుకున్నాడు. జ్వరమొస్తే గోలీ మింగాడు. నాలుగోనాడు గల్లీ మార్చే ఓపిక కూడా లేక రిబ్కమ్మకు దొరికిపోయాడు.

వేలు పడగానే అతడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మళ్లీ నొక్కింది. ఈసారి నవ్వలేదు.

"పైన ఎరుపు లేదు, పుండు లేదు. లోపల కట్టె లెక్కున్నది. షుగరు ఎన్నేండ్ల సంది?"

"నాకు షుగరేంది అవ్వా."

"ఉన్నదా అని అడగలే. ఎన్నేండ్లని అడిగిన."

పరశురాములు చుట్టూ చూసి ఆరు వేళ్లు చూపించాడు.

"షుగరున్నోళ్లకు గిట్లనే అయితది, కండల చీము పట్టినట్టున్నది కొడుకా. నడువు, ఆటో ఎక్కు."

కరీంనగర్‌లో స్కానింగు తీస్తే తొడ కండ లోపలంతా చీమే. డాక్టరు కోసి తీసేసి, "ఇంక రెండు రోజులాగితే మనిషి దక్కకపోతుండె. పైకి ఏం కనబడలే, ఎవరు పట్టుకున్నరు?" అన్నాడు. అనసూర్య రిబ్కమ్మ బొటనవేలు చూపించింది. అంత చదువు చదివిన డాక్టరు ఆ వేలు వంకే చూస్తూ నిలబడిపోయాడు.

"అవ్వా, షుగరు లేని పాస్టరయ్య కాలెందుకు నొక్కుతవ్?" వార్డులో పరశురాములు అడిగాడు.

"ఉన్నోళ్లయే నొక్కితే ఎవలికున్నదో ఊరందరికీ ఎర్కైతది. అందరియి నొక్కితే నాకు పిచ్చి అంటరు. అననీ, నాకేం పోతది?"

ఊరు ఊరంతా నవ్వుకునే మనిషి, ఊరందరి గుట్టూ కాస్తోంది.

రెండు నెలలకు మళ్లీ పనిలో చేరాడు. ఒకనాడు కార్ఖానా గుమ్మంలో రిబ్కమ్మ కనబడగానే సాంచ ఆపేసి, "గా పిచ్చి ముసలామె వచ్చింది. అందరు కాళ్లు చాపుండ్రి. సేటూ, ముందుగాల నువ్వే" అని కేకేశాడు.

సేటు గొణుక్కుంటూ కాలు చాపాడు. రిబ్కమ్మ నొక్కింది. మళ్లీ నొక్కింది. చెవి దగ్గరికి వంగి, "ఎన్నేండ్ల సంది?" అని మెల్లగా అడిగింది.

సేటు చుట్టూ చూసి తొమ్మిది వేళ్లు చూపించాడు.

పరశురాములు ఏమీ చూడనట్టు సాంచ ఆన్ చేశాడు.