రిమార్కుల గడిలో ఒక ప్రశ్న

నిన్న ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పక్కింటివారు గేటు గొలుసును సిమెంటు నేల మీద ఈడ్చారు. ఆ గరగర వినగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ముప్పై ఒక్క సంవత్సరాలు గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ణి; గొలుసు కదిలితే కూర్చోలేను. వెంటనే నా మొదటి అధికారి, సర్వేయరు విశ్వనాథం గారు గుర్తుకు వచ్చారు.

ఉద్యోగంలో చేరిన పదకొండో రోజున ఆయన వెంట దమ్మపేట అవతల అడవి అంచుకు వెళ్లాను. చివరి ఊరికి మూడు కిలోమీటర్ల దూరాన, జీడిమామిడి తోటలో ఒకే ఒక పెంకుటిల్లు. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ తోటనూ ఇంటినీ సగానికి పంచమని దరఖాస్తు పెట్టారు. ఆ నెలలో ఒకరి మీద ఒకరు గొడ్డలి ఎత్తారని ఊళ్లో చెప్పారు. నేను చూడలేదు కనుక నిర్ధారించలేను. వారి మధ్య మాటలు లేవన్నది మాత్రం చూశాను. "వాణ్ని జరగమనండి సార్" అని పెద్దవాడు మాతో అనేవాడు. మూడడుగుల దూరంలో ఉన్న తమ్ముడూ మాతోనే, "ఆయనకు కండ్లు లేవా సార్? పక్క నుంచి పొమ్మనండి" అనేవాడు.

తోట కొలత పన్నెండింటికి పూర్తయింది. ఇంటిని పంచే గీత వంటగది మధ్యగా పడింది. గొలుసు కొస పట్టుకుని నేను గుమ్మం దాటేసరికి, సరిగ్గా ఆ గీత మీద పీట వేసుకుని వారి తల్లి నారాయణమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, జరుగు" అన్నాడు పెద్దవాడు.

"ఎటు జరగాలె? నీ దిక్కా, వాని దిక్కా?"

పెద్దవాడు నా చేతిలోని గొలుసు వంక చూశాడు, చిన్నవాడు గుమ్మం వంక. "ఆమె పక్కగా కొలిచి, ఆ తేడా కలుపుకుందాం సార్. రెండడుగులు చాలు" అన్నాను నేను. పద్ధతి సరైనదే.

"లెక్క వస్తది నాయనా. ఆమె ఏ గదిల పండుకుంటదో అండ్ల వస్తదా?" అంటూ విశ్వనాథం గారు కొలతల పుస్తకం తెరిచి, రిమార్కుల గడిలో మూడు వాక్యాలు రాశారు: "గీతపై తల్లి కూర్చున్నది. తాను ఎటు ఉండవలెనని అడిగినది. కొడుకులిద్దరూ జవాబు చెప్పలేదు." కింద సంతకం చేయమని కొడుకులకు పెన్ను అందించారు.

పెద్దవాడు చదివి కంగారుపడ్డాడు. "ఇదేంది సార్, గిట్ల రాస్తరా? రేపు ఎవరన్నా చదివితే?"

"చదవటానికే రాసిన. అబద్ధమైతే కొట్టెయ్."

అతడు కొట్టివేయలేదు. తమ్ముడు పెన్ను వంక చూసి, ఆ రోజు మొదటిసారి నేరుగా అన్నతో, "ముందు నువ్వు పెట్టు, తర్వాత నేను పెడత" అన్నాడు.

"నువ్వే ముందు పెట్టరాదు!"

ఇద్దరి సంతకాలు లేనిదే పంపకం చెల్లదు. చివరికి పెద్దవాడే తల దించుకుని, "అమ్మ ఉన్నన్నాళ్లు ఇల్లు వదిలెయ్యండి సార్. తోటకే పెడతం" అన్నాడు.

"ఇద్దరి నోళ్లు తెరిపించినవ్ సారూ, ఇగ అన్నం తిని పో" అంది నారాయణమ్మ, పీట మీద నుంచి లేవకుండానే.

పని అసంపూర్తిగా వదిలినందుకు విశ్వనాథం గారిని పైవారు సంజాయిషీ అడిగారు. ఆయన ఆ మూడు వాక్యాలనే తిరిగి రాసి పంపారు.

తరువాత నేను ఇల్లు కొలిచిన ప్రతిచోటా, ఇంట్లోని ముసలివారు ఏ వైపు ఉంటారన్న ఆ ప్రశ్న అడిగాను, ఒక్కచోట తప్ప. చండ్రుగొండ దగ్గర, వాన ముంచుకొస్తోందని తొందరపడి, గడపలో నిలబడ్డ ఒక ముసలాయన పక్కగా గొలుసు వేయించాను. ఆ కొలతలను నాలుగుసార్లు సరిచూశాను. అంగుళం తేడా లేదు. ఆయన ఆ తరువాత ఏ వైపు ఉన్నాడో నా దగ్గర నమోదు లేదు.