బూట్లలో మగ్గెడు నీళ్లు

మా జురాంగ్ వెస్ట్ ఫ్లాట్ల బ్లాకులో పన్నెండో అంతస్తు అంకుల్ మలేషియాలో పుట్టిన తెలుగాయన. సరిహద్దు దాటి, అక్కడి జొహోర్ తోటల్లో పర్మిట్ మీద అడవిపందుల వేటకు వెళ్లేవారు. నన్నూ తీసుకెళ్లమంటే, "ముందు బట్టలు, బూట్లు చూపించు" అన్నారు.

నా మందపాటి నూలు ప్యాంటును కారిడార్‌లోని కాగితంపూల కొమ్మతో గట్టిగా గీరారు. ముల్లు దిగలేదు. చిక్కంతా బూట్లతోనే వచ్చింది. నాలుగు జతలు తూచి, నీళ్లు చొరనివాటిలో అన్నిటికన్నా తేలికైనవి కొన్నాను. ఒక్కోటి ఐదువందల పది గ్రాములు. ఆయన రెంటిలోనూ మగ్గుతో నీళ్లు పోశారు.

"లిఫ్టులో దిగి, వీటితో మెట్లెక్కి రా."

"వాటర్‌ప్రూఫ్ అంకుల్ ఇవి."

"లోపలికి రానివ్వనిది బయటికీ పోనివ్వదు లా," అన్నారు తన మలేషియా యాసలో. "వాగు దాటాక ఏం చేస్తావ్?"

ఏడో అంతస్తుకే మడమలు ఒరుసుకుపోయాయి. ఇంటికెళ్లి తూస్తే ఒక్కోటి తొమ్మిదివందలు.

మరుసటి వారం పిక్కల దాకా వచ్చే కాన్వాసు బూట్లతో వెళ్లాను. అడుగున నీళ్లు పోయే రంధ్రాలున్నాయి. మళ్లీ అదే మగ్గు, అవే మెట్లు. పైకి చేరాక ఆయన నా ముఖం చూడలేదు, మడమలు చూశారు.

"ఆదివారం ఆరింటికి కింద ఉండు."

ఆయన పోయి రెండేళ్లు. ఇప్పటికీ బూట్లు కొంటే ముందు నీళ్లు పోస్తాను, తర్వాతే తూస్తాను.